చేనేత గృహమునకు అరల చట్రము: ఇంటనే నిర్మించుకొను విధము

మన గ్రామములలో వ్యవసాయము తరువాత అనేక కుటుంబములకు అన్నము పెట్టుచున్న వృత్తి చేనేత. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట మొదలగు తెలంగాణ ఊళ్ళయందును, మంగళగిరి, చీరాల, వెంకటగిరి, ఉప్పాడ, పొందూరు, ధర్మవరము మొదలగు ఆంధ్రప్రదేశ్ ఊళ్ళయందును నేటికిని నేతగానికి ఇల్లే కర్మశాల. వంట, నిద్ర, పిల్లల చదువు, మగ్గము అన్నియు ఒకే కప్పు క్రింద సాగుచుండును. మగ్గమునకు గుంట యున్నది, రాట్నమునకు మూల యున్నది. కాని నూలునకును, కండెలకును, జరీకిని, రంగులకును నిర్ణీతమైన చోటు పెక్కు ఇండ్లలో లేదు. నూలు మంచము క్రింద నుండును. జరీ బియ్యపు డబ్బా పైనుండును. రంగు పొట్లము వంటింటి గూటిలో నుండును. ఈ అలవాటు వలన కలుగు నష్టమెట్టిదో, దానిని కొలది ఖర్చుతో ఎట్లు నివారించుకొనవచ్చునో ఈ వ్యాసమున వివరింపదలచినాము.

నష్టము ఎవరిది?

నేతగాండ్రలో పలువురు సొంత పెట్టుబడితో నూలు కొనువారు కారు. సహకార సంఘము గాని, పెట్టుబడిదారు గాని నూలు తూచి ఇత్తురు. నేసిన బట్టను తూచి పుచ్చుకొందురు. ఈ రెండు తూకముల నడుమ తరుగు హద్దు మీరినచో దానికి నేతగాడే జవాబు చెప్పవలెను. ఎలుక కొరికిన నూలు, బూజు పట్టిన పడుగు, నల్లబడిన జరీ, ఇవియన్నియు తుదకు కూలి నుండి తరిగిపోవును.

ఎలుక ఒక్క కాటుతో ఎంత చేయగలదో లెక్క వేసి చూతము. సాధారణమైన ప్రత్తినూలు చిలపలో 840 గజముల దారముండును. ఒక పౌను తూకమునకు ఎన్ని చిలపలు తూగునో అదియే ఆ నూలు నంబరు. చిలప చుట్టుకొలత 54 అంగుళములు, అనగా గజమున్నర. కాబట్టి ఒక్కొక్క చిలపలో 560 చుట్లుండును. ఎలుక ఆ చిలపను ఒక్కచోట అడ్డముగా కొరికివేసినచో 840 గజముల ఏకదారము గజమున్నర పొడవు గల 560 ముక్కలగును. వానిని ముడివేసి వాడుటకు ఎవరి ఓపికయు చాలదు.

ఇక శ్రమ సంగతి. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారము దేశమందలి చేనేత పనివారు సుమారు 35 లక్షలు. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. చిలపలు విప్పుట, కండెలు చుట్టుట, పడుగునకు సిద్ధపరచుట వంటి పనులలో ఎక్కువ భాగము ఇల్లాండ్రే చేయుదురు. కావలసిన రంగు నూలు కొరకు దినమునకు పదిమారులు వంగి, మంచము క్రింద వెదకి, మూటలు విప్పి కట్టు శ్రమకు ఎవరును కూలి కట్టరు. నూలు కంటి యెదుట, నడుము వంచకుండ చేతికందు ఎత్తున నున్నచో ఆ శ్రమ తగ్గును.

మగ్గమునకు తడి, నూలునకు పొడి

చట్రము పెట్టు చోటును నిర్ణయించుటకు ముందు ఒక విషయమును గమనింపవలెను. ప్రత్తినూలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. తేమ తగిలిన ప్రత్తిదారము బలపడును. మిక్కిలి ఎండినచో పెళుసై తెగును. అందుచేతనే వేసవిలో నేతగాండ్రు మగ్గపు గుంట చుట్టును నీళ్ళు చల్లుదురు. గుంట మగ్గమున నేల చల్లదనము పడుగునకు మేలు చేయును.

అయితే నిలువ యుంచిన నూలునకు ఆ తేమయే శత్రువు. తడిగాలి కదలక నిలిచిన చోట బూజు పుట్టును. గంజి పెట్టిన పడుగునకు అది మరింత త్వరగా పట్టును, ఏలయన గంజి బూజునకు ఆహారము. కావున మగ్గమును, నిలువను ఒకే మూల నుంచరాదు. గది ఒక్కటే యైనచో గుంటకు ఎదురుమూలను ఎన్నుకొనవలెను. ఆ గోడ వానజల్లు తగులునది కారాదు. దాని వెనుక స్నానపు దొడ్డి ఉండరాదు. పొయ్యికి దూరముగా నుండవలెను. పొగ, మసి తెల్లనూలును పాడుచేయును, నిప్పురవ్వ అన్నింటిని పాడుచేయును. మధ్యాహ్నపుటెండ నేరుగా పడు కిటికీ యెదుటను పెట్టరాదు. ఎండకు రంగులు వెలయును, పట్టు పసుపెక్కి బలహీనపడును.

తేమను కనిపెట్టుటకు యంత్రముతో పనిలేదు. ఒక చిన్న గిన్నెలో చిటికెడు పొడి ఉప్పు వేసి ఆ మూలలో ఉంచి రెండు దినములు చూడుడు. గాలిలో తేమ నూటికి సుమారు 75 పాళ్ళు మించినప్పుడు ఉప్పు చెమ్మగిల్లి నీరగుట ఆరంభించును. ఉప్పు పొడిగా నిలిచిన మూలయే నూలునకు తగిన మూల. వర్షాకాలమున ఈ పరీక్షను మరల మరల చేయుచుండవలెను.

కావలసిన సామగ్రి

మేము ఇచ్చట చెప్పు చట్రము 4 అడుగుల పొడవు, 18 అంగుళముల లోతు, 6 అడుగుల ఎత్తు గలది. ఒకటి రెండు మగ్గములున్న ఇంటికి ఇది చాలును. కోస్తా జిల్లాలలో సరుగుడు వాసములు విరివిగా దొరకును. తెలంగాణలోను, రాయలసీమలోను నీలగిరి వాసములు గాని, గట్టి వెదురు గాని వాడుకొనవచ్చును.

కాళ్ళకు రెండున్నర అంగుళముల లావు గల వాసములు, ఒక్కొక్కటి 6 అడుగులు, మొత్తము 4. పొడుగు పట్టెలకు అంగుళమున్నర లావు గల వాసములు, ఒక్కొక్కటి 4 అడుగులు, మొత్తము 8. అడ్డు పట్టెలకు అదే లావు గలవి, ఒక్కొక్కటి 18 అంగుళములు, మొత్తము 8. అనగా కాళ్ళకు 24 అడుగులు, పట్టెలకు 44 అడుగులు వాసము కావలెను. తరుగు కొరకు మరి కొన్ని అడుగులు అధికముగా కొనుట మంచిది.

అరల పరుపునకు బద్దలు చీల్చుటకును, ఏటవాలు కట్లకును 20 అడుగుల వెదుళ్ళు రెండు. పావు అంగుళపు కన్నులు గల తీగవల, 3 అడుగుల వెడల్పు గలది, 15 అడుగులు. తలుపులకు సన్నని కొయ్యపట్టెలు, బందులు నాలుగు, గొళ్ళెము ఒకటి. జింకు పూత గల మేకులు, కట్టుతీగ, కాళ్ళ క్రిందికి రాతి పలకలు నాలుగు, కొంచెము తారు. మామూలు ఇనుప మేకులు తేమకు త్రుప్పు పట్టి నూలునకు మరకలంటించును. కనుక జింకు పూత మేకులనే కోరి కొనవలెను.

వెదురు విషయమున ఒక మాట. పొలము గట్టునను, దొడ్డిలోను పెంచుకొన్న వెదురును నరుకుటకును, రవాణాకును అటవీ చట్టము క్రింద పూర్వము అనుమతి కావలసియుండెను. 2017లో భారత అటవీ చట్టమును సవరించి, అడవి కాని భూములలో పెరిగిన వెదురును చెట్టు అను నిర్వచనము నుండి తొలగించినారు. కావున సొంత పొలములోని వెదురును వాడుకొనుటకు ఆ చిక్కు లేదు.

వెదురును సిద్ధపరచుట

పచ్చివెదురును నరికిన వెంటనే వాడినచో ఆరునెలలలోనే దాని నుండి తెల్లని పిండి రాలుట చూచుచుందుము. అది పుప్పిపురుగు పని. వెదురులో నుండు పిండిపదార్థము కొరకే పుప్పి చేరును. లేత వెదురునకు ఈ బాధ ఎక్కువ. మూడు నాలుగు సంవత్సరములు ముదిరిన వెదురును ఎన్నుకొనవలెను. చీల్చిన బద్దలను పారునీటిలో రెండు మూడు వారములు నానవేసినచో పిండిపదార్థము చాలవరకు కరిగిపోవును. ఇది మన పెద్దలు ఎరిగిన పద్ధతియే.

పారునీరు లేనిచోట బోరాక్సు, బోరిక్ ఆమ్లము కలిపి, నూరు పాళ్ళ నీటికి సుమారు అయిదు పాళ్ళు కరిగించి, అందు బద్దలను నానవేయవచ్చును. ఈ ద్రావకమును తొట్టిలోనే కలుపవలెను గాని వంటపాత్రలలో కలుపరాదు. పశువులు త్రాగకుండ చూడవలెను. నానిన బద్దలను నీడన ఆరబెట్టవలెను. ఎండలో పెట్టినచో వంకరలు పోవును.

నిర్మాణ క్రమము

మొదట నాలుగు కాళ్ళను ప్రక్కప్రక్కన పరచి, క్రింది కొన నుండి 12, 24, 54, 72 అంగుళముల యెత్తున గుర్తులు పెట్టవలెను. నాలుగింటికి ఒకేమారు గుర్తులు పెట్టుట వలన అరలు సమముగా వచ్చును. గుర్తుల వద్ద వాసములో నాలుగవ వంతు లోతు మించకుండ గాడి తీయవలెను. గాడి లోతెక్కువైనచో కాలు బలము తగ్గును.

పిమ్మట రెండేసి కాళ్ళను 18 అంగుళముల అడ్డు పట్టెలతో కలిపి రెండు ప్రక్క చట్రములు తయారుచేయవలెను. ఆ రెంటిని నిలిపి 4 అడుగుల పొడుగు పట్టెలతో జతపరచవలెను. ప్రతి కూడలిని మేకుతో బిగించి, పైన కట్టుతీగ చుట్టవలెను. మేకు కొట్టుటకు ముందు బర్మాతో సన్నని రంధ్రము చేయుట మరువరాదు. అట్లు చేయనిచో వెదురు నిలువున చీలిపోవును. సరుగుడు కూడ చివరలందు పగులును.

ఇట్లు నిలిపిన చట్రము చేతితో త్రోసినచో ఊగును. నలుచదరమునకు ఊగు స్వభావమున్నది. ముక్కోణమునకు అది లేదు. కావున వెనుకవైపున 12 అంగుళముల గుర్తు నుండి 54 అంగుళముల గుర్తు వరకు, ఒక మూల నుండి ఎదురుమూలకు ఏటవాలుగా రెండు వెదురుబద్దలను కత్తెరవలె బిగింపవలెను. ఒక్కొక్కటి అయిదున్నర అడుగులుండవలెను. రెండు ప్రక్కలను నాలుగడుగుల బద్ద ఒక్కొక్కటి ఏటవాలుగా చాలును. అప్పుడు చట్రము కదలదు.

అర పరుపునకు 18 అంగుళముల పొడవు, అంగుళము వెడల్పు గల బద్దలు కావలెను. వానిని ముందు వెనుకల పొడుగు పట్టెలపై, అర అంగుళము సందు విడుచుచు, అడ్డముగా పరచి మేకులు కొట్టవలెను. ఒక్కొక్క అరకు 32 బద్దలు పట్టును. 12, 24, 54 అంగుళముల యెత్తున మూడు అరలకు 96 బద్దలు కావలెను. బద్దలను పొడుగున పరచుట కంటె అడ్డముగా పరచుట మేలు. పొట్టి బద్ద బరువునకు క్రుంగదు. సందుల వలన గాలి క్రింది నుండి పైకి ఆడును.

24 అంగుళముల అరకును, 54 అంగుళముల అరకును నడుమనున్న 30 అంగుళముల భాగమే నూలు గది. చిలప చుట్టుకొలత 54 అంగుళములు గనుక కడ్డీపై వ్రేలాడదీసినప్పుడు దాని నిడివి 27 అంగుళములగును. పైన కడ్డీకిని, క్రింద గాలికిని కొంత చోటు విడుచుటకే 30 అంగుళములు ఉంచినాము. పట్టు చిలపలు వాడువారు తమ చిలప కొలతను చూచుకొని ఈ యెత్తును మార్చుకొనవచ్చును.

ఈ గదికి ఆరు ప్రక్కలను తీగవల బిగింపవలెను. 3 అడుగుల వెడల్పు వలలో వెనుకకు 48 అంగుళములు, తలుపులకు 48 అంగుళములు, నేలకు కప్పుకు కలిపి 48 అంగుళములు, రెండు ప్రక్కలకు కలిపి 30 అంగుళములు కత్తిరించినచో మొత్తము 174 అంగుళములు, అనగా పదునాలుగున్నర అడుగులగును. చుంచెలుకకు చిటికెనవ్రేలు పట్టు సందున్నను చాలును. పెద్ద ఎలుక రెండడుగుల యెత్తునకు అవలీలగా ఎగురగలదు. కనుక నూలును ఎత్తున పెట్టినంత మాత్రమున రక్షణ కలుగదు. పావు అంగుళపు వలయే దానిని ఆపగలదు. తలుపు అంచులు చట్రమునకు ఆని మూయబడునట్లు చూడవలెను. అంచున సందున్నచో మిగిలిన వల అంతయు వృథా.

నూలు గదిని నడిమికి రెండుగా విభజింపవలెను. ఎడమభాగమున ముందు నుండి వెనుకకు 18 అంగుళముల వెదురుకడ్డీలు అయిదింటిని, నాలుగేసి అంగుళముల దూరమున, కప్పునకు దిగువగా అమర్చవలెను. కడ్డీలు తీసి పెట్టుకొనుటకు వీలుగా వానిని గాడులలో నిలుపవలెనే గాని మేకులు కొట్టరాదు. కుడిభాగమున సగము ఎత్తున మరియొక చిన్న అర వేయవలెను. దానికి 16 బద్దలు చాలును.

తుదిమెరుగు అతి ముఖ్యము. బద్దల అంచులను గాజుకాగితముతో నునుపు చేసిన పిమ్మట ఒక పాత మెత్తని నూలుగుడ్డను ప్రతి కొయ్యమీదను, ప్రతి కడ్డీమీదను ఈడ్చి చూడవలెను. గుడ్డ తగులుకొన్నచోట నూలును తగులుకొనును. అచ్చట మరల రుద్దవలెను. వల కొనలను వెలుపలికి మడిచి కొయ్యపట్టెతో కప్పవలెను.

కాళ్ళ క్రింది ఆరంగుళములకు తారు పూసి, పూర్తిగా ఆరనిచ్చి, రాతి పలకలపై నిలుపవలెను. కాళ్ళను మట్టినేలలో పాతరాదు. చట్రమునకును గోడకును నడుమ ఆరంగుళములు విడువవలెను. చెదలు వెలుతురు నోర్వలేవు. మట్టి గొట్టములు కట్టుకొని ఎక్కును. సందున్నచో ఆ గొట్టములు కంటబడును. పెట్టె కాళ్ళ క్రింద నీటి గిన్నెలు పెట్టు ఆచారము కొన్ని ఇండ్లలో గలదు. నిలిచిన శుభ్రమైన నీటిలోనే డెంగీ దోమ గ్రుడ్లు పెట్టును. కనుక ఆ పద్ధతిని విడుచుట మంచిది.

పిల్లలు అరలపై ఎక్కుట సహజము. చట్రము ముందుకు ఒరగి మీద పడకుండ పై భాగమును రెండుచోట్ల గోడకు గట్టి తీగతో బిగింపవలెను. ఇది చేయని చట్రమును పూర్తి అయినట్లు భావింపరాదు.

సర్దు విధము

నేలకును మొదటి అరకును నడుమనున్న అడుగు ఖాళీగా నుంచవలెను. అచ్చట చీపురు ఆడవలెను, గాలి ఆడవలెను. ఆ చోటును మూటలతో నింపినచో ఎలుకలకు నివాసము కల్పించిన వారమగుదుము. మొదటి అరలో బరువైనవి, ఎలుకకు పనికిరానివి ఉంచవలెను: వాడుకలో లేని పన్నెలు, నాడెలు, పరివట్టము, ఇనుప సామాను. బరువు క్రిందనున్నచో చట్రము నిలుకడగా నుండును.

నూలు గది ఎడమభాగమున చిలపలు వ్రేలాడదీయవలెను. ఒక్కొక్క కడ్డీకి ఒక్కొక్క రంగు. ముదురు రంగులకును తెల్లనూలునకును నడుమ ఒక కడ్డీ ఖాళీగా నున్నచో మంచిది. ప్రతి కట్టకు ఒక అట్టచీటి కట్టి నూలు నంబరు, తెచ్చిన తేదీ, అద్దిన తేదీ వ్రాయవలెను. ఒకే రంగు అయినను వేరువేరు కాగులలో అద్దిన నూలునకు ఛాయాభేదముండును. రెండింటిని తెలియక కలిపినచో బట్టలో చారలు తేలును. అట్టి చీరను వ్యాపారి తగ్గు ధరకే పుచ్చుకొనును. ఒక చిన్న అట్టచీటి ఈ నష్టమును నివారించును. ముందు తెచ్చిన నూలును ముందు వాడుటకును అది తోడ్పడును.

కుడిభాగపు దిగువ అరలో చుట్టిన కండెలను లోతులేని పళ్ళెములలో పేర్చవలెను. ఎగువ అరలో పట్టును, జరీని వేరువేరు డబ్బాలలో ఉంచవలెను. జరీలోని వెండి గంధక సంబంధమైన ఆవిరి తగిలినచో నల్లబడును. పొడిగుడ్డలో చుట్టి, మూత బిగిసిన డబ్బాలో ఉంచవలెను. పట్టును, నూలును ప్లాస్టిక్ సంచులలో కట్టివేయరాదు. లోపలి తేమ బయటకు పోవుటకు వీలుండదు. అరలపై పాత వార్తాపత్రికలు పరచుటయు మంచిది కాదు. వాని సిరా అంటును. కాగితమునకు, గంజికి వెండిపురుగు చేరును. ఉతికి ఆరవేసిన పాతబట్ట పరచుట ఉత్తమము.

పై అర తేలికైన వానికి. జాకార్డు అట్టలు తేమకు ఉబ్బినచో రంధ్రములు సూదులకు సరిపడక నమూనా చెడును. కనుక వానిని, నమూనా కాగితములను, కూలి లెక్కల పుస్తకమును ఒక రేకుపెట్టెలో పెట్టి అచ్చట ఉంచవలెను.

రంగులకు వేరు పెట్టె

ఇంతవరకు చెప్పినది సొమ్మునకు సంబంధించినది. ఇప్పుడు చెప్పునది ప్రాణమునకు సంబంధించినది. రంగులను, అద్దకపు మందులను ఈ చట్రములో ఎన్నడును ఉంచరాదు. వంటింటిలో అసలే ఉంచరాదు. అద్దకము చేయు వసారాలో, వాన తగులని చోట, అయిదడుగుల ఎత్తున గోడకు బిగించిన చిన్న పెట్టె ఒకటి ఏర్పరచి తాళము వేయవలెను. ఆమ్లముల సీసాలకు మాత్రము తాళము గల వేరొక చిన్న పెట్టెను, దూరముగా, తక్కువ యెత్తున ఉంచవలెను. ఎత్తు నుండి సీసా జారినచో ఆమ్లము ముఖముపై పడును.

కొన్ని అద్దకపు పద్ధతులలో వాడు సోడియం నైట్రైటు చూచుటకు ఉప్పువలె నుండును. రుచియు ఉప్పగానే యుండును. ఉప్పనుకొని కూరలో వేసినచో రక్తము ప్రాణవాయువును మోయు శక్తి కోల్పోయి, పెదవులు, గోళ్ళు నీలిబారి, మనిషి చనిపోవచ్చును. కాస్టిక్ సోడా చర్మమును, కంటిని, గొంతును కాల్చివేయును. అది గాలిలోని తేమను పీల్చి కరగును గనుక గట్టిమూత గల దళసరి ప్లాస్టిక్ డబ్బాలో ఉంచవలెను; అల్యూమినియం పాత్రను అది తినివేయును. కరిగించునప్పుడు నీటిలో సోడాను కొలదికొలదిగా వేయవలెనే గాని సోడాపై నీరు పోయరాదు.

హైడ్రోస్ అని మనము పిలుచు సోడియం హైడ్రోసల్ఫైటునకు తేమ తగిలినచో తనంతట తానే వేడెక్కి మండవచ్చును. ఘాటైన విషవాయువు వెడలును. దానిని చిన్నడబ్బాలలో, పొడిచెంచాతో మాత్రమే తీయవలెను. పొగ కనుపించినచో ఇంటివారినందరిని వెలుపలికి పంపి 101కి ఫోను చేయవలెను. బ్లీచింగు పొడి ఆమ్లముతో కలిసినచో క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను దెబ్బతీయును. కావున బ్లీచింగు పొడి, హైడ్రోస్, ఆమ్లము ఈ మూడింటిని ఒకదాని ప్రక్కన ఒకటి ఉంచరాదు.

తినుబండారముల డబ్బాలలోను, పానీయముల సీసాలలోను ఏ మందును పోయరాదు. పిల్లవాడు సీసా ఆకారమును చూచును గాని దానిపై వ్రాసిన పేరును చదువడు. ప్రతి డబ్బాపై పెద్ద అక్షరములతో పేరు వ్రాసి, చదువురాని వారి కొరకు ఎర్రరంగు గుర్తు పెట్టవలెను. కాస్టిక్ సోడా మీద పడినచో 20 నిమిషములకు తక్కువ గాకుండ ధారగా నీళ్ళు పోయుచు కడుగవలెను, కంటికైనను అంతే. మ్రింగినచో వాంతి చేయించరాదు; గొంతు రెండవమారు కాలును. వెంటనే 108కి ఫోను చేసి, మ్రింగిన మందు డబ్బాను కూడ వైద్యునికి చూపవలెను.

వానలు, తుపానులు

మగ్గపు గుంట ఇంటిలో కెల్ల పల్లపు చోటు. వరద నీరు మొదట చేరునది అచ్చటికే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. పేరుపొందిన చీరాల మగ్గములున్నది ఆ జిల్లాలోనే. తీరప్రాంతపు నేతగానికి ఇట్టి హెచ్చరికలు కొత్తవి కావు. తుపాను హెచ్చరిక వినబడిన నాడు చేయవలసిన పనిని ముందుగానే ఇంటిల్లిపాది ఎరిగియుండవలెను: మొదటి అర ఖాళీ చేయుట, కడ్డీలపై చిలపలను అట్లే పైకెత్తి కట్టుట, జరీ డబ్బాను, లెక్కల పెట్టెను ఇంటిలోని మిక్కిలి ఎత్తైన చోటికి మార్చుట, హైడ్రోస్ డబ్బాకు నీరు తగులకుండ భద్రపరచుట. వస్తువులకు నిర్ణీతమైన చోటున్నప్పుడు ఈ పని చీకటిలో కూడ త్వరగా ముగియును.

వానలు వెలిసిన పిమ్మట ఎండ వచ్చిన మొదటి దినమున నూలు గది తలుపులు తెరచి గాలి ఆడనీయవలెను. తెల్లనూలును కొంతసేపు ఎండలో ఉంచవచ్చును. రంగు నూలును, పట్టును నీడన మాత్రమే ఆరవేయవలెను. ఎండిన వేపాకును గుడ్డసంచిలో కట్టి అరలలో ఉంచు ఆచారము మంచిదే. కాని వేపాకున్నదని గాలి ఆడించుట మానరాదు. వారమునకు ఒకమారు కాళ్ళను, గోడ సందును, తలుపు అంచులను చూచుట, మాసమునకు ఒకమారు అరలన్నియు ఖాళీ చేసి తుడుచుట అలవాటు చేసుకొనవలెను.

కలిసి చేసికొన్నచో సులభము

బర్మా, రంపము, ఉలి ప్రతి ఇంటను ఉండవు. తీగవల తుట్టగా కొన్నచో చౌక. నాలుగైదు ఇండ్లవారు కలిసి సామగ్రి తెచ్చుకొని, ఊరి వడ్రంగి సాయముతో మొదటి చట్రమును నిలుపుకొన్నచో, దానిని చూచి మిగిలినవి తామే చేసికొనగలరు. సంఘ కార్యాలయమున ఒక మాదిరి చట్రమును నిలిపి అందరకు చూపుట సహకార సంఘములకు తగిన పని. రంగుల వాడుకను, భద్రతను గూర్చి సందేహములు గలవారు హైదరాబాదు, విజయవాడలలో గల చేనేత సేవా కేంద్రముల వారిని సంప్రదించవచ్చును.

పెద్ద ధనము లేకుండ, పెద్ద విద్య లేకుండ కొలది దినముల శ్రమతో ముగియు పని ఇది. దీని వలన నూలు మిగులును, ఇల్లాలి నడుము మిగులును. రంగుల పెట్టెకు తాళము పడిన ఇంట పిల్లవాడు నిశ్చింతగా ఆడుకొనును. ఈ వానకాలము రాకముందే ఈ పనికి పూనుకొనవలసినదిగా నేత సోదరులను, సోదరీమణులను కోరుచున్నాము.